గేదె చచ్చిపోయింది, నేను బతికాను - ఎందుకని?

ప్రశ్న: మొన్న గాలివానకు మా చేలో కరెంటు తీగ తెగిపడింది. మా గేదె ఆ తీగను తాకనైనా లేదు. దానికి నాలుగడుగుల దూరంలో, తడినేల మీద కుప్పకూలి చచ్చిపోయింది. దాని కోసం పరుగెత్తిన నాకు కాళ్ళు జివ్వుమన్నాయి. భయపడి వెనక్కు వచ్చేశాను. దానికి ఆయువు తీరింది, నీకు తీరలేదంటారు మా నాన్నగారు. పశువులు షాకు తట్టుకోలేవా? షాకు తగిలిన మనిషిని ఇసుకలో పాతిపెడితే కరెంటు దిగిపోతుందంటారు, నిజమేనా?
- ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మీ నాన్నగారి మాట కాదనను గాని, మీరు రెండు కాళ్ళ మీద నడవడం కూడా మిమ్మల్ని కాపాడింది.

తెగిన తీగ తడినేలను తాకితే కరెంటు నేలలో నాలుగువైపులా పాకుతుంది. తీగ దగ్గర వోల్టేజి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గేదె ముందుకాళ్ళకు, వెనుకకాళ్ళకు మధ్య మీటరుకు పైగా ఎడం ఉంటుంది. అందుచేత రెండుచోట్ల వోల్టేజిలో తేడా బాగా ఉంటుంది. కరెంటు ముందుకాళ్ళలో ఎక్కి, గుండె మీదుగా పోయి, వెనుకకాళ్ళలో దిగుతుంది. మనిషి అడుగు చిన్నది. ఒక కాలిలో ఎక్కి రెండో కాలిలో దిగే కరెంటులో గుండెకు చేరేది స్వల్పం. అలాగని ధీమా వద్దు. తూలి చేతులు నేలకానించి పడ్డారా, మీ గతీ గేదె గతే!

గుండెను ఆపడానికి ఎంతో కరెంటు అక్కరలేదు. ఒక మిల్లీ ఆంపియరుకు ఒళ్ళు జివ్వుమంటుంది. 10 దాటితే చేతి కండరాలు బిగిసిపోయి, పట్టుకున్న తీగను వదలలేరు. “కరెంటు లాగేసుకుంది” అనేది దీన్నే. 100 మిల్లీ ఆంపియర్లు ఛాతీగుండా రెండు మూడు సెకన్లు పోతే గుండె లయతప్పి, కొట్టుకోవడం మాని, వణుకుతుంది. 60 వాట్ల పాతరకం బల్బు తీసుకునే కరెంటులో ఇది సగం కూడా కాదు. ఒళ్ళు తడిగా ఉంటే చర్మం కరెంటును అడ్డుకోలేదు. చెప్పులు లేకుండా, తడిచేత్తో స్టార్టరు ముట్టుకోవద్దనేది అందుకే.

ఇసుకలో పాతడం శుద్ధ పొరపాటు. తీగనుంచి విడిపడ్డాక శరీరంలో కరెంటు నిలవ ఉండదు, దిగడానికేమీ లేదు. పైగా ఇసుక బరువుకు ఊపిరాడదు. ప్రాణం నిలిపే నిమిషాలు వృథా అవుతాయి.

చేయవలసిందిది. ముందు మెయిను ఆపండి. పొలంలో తీగ తెగితే, కరెంటు ఆపించేదాకా ఎవరూ దగ్గరకు పోరాదు. అంత వోల్టేజికి కర్రను కూడా నమ్మరాదు. కరెంటు ఆగాక మనిషిని వెల్లకిలా పడుకోబెట్టండి. పిలిస్తే పలక్క, ఊపిరి సరిగా తీయకపోతే, 108కి ఫోను చేయించి, రొమ్ము మధ్య ఎముక మీద రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. సాయం అందేదాకా ఆపవద్దు.

తెలివి వచ్చిందని ఇంటికి తీసుకుపోకండి. చర్మం మీద చిన్న మచ్చే ఉన్నా, లోపల కండరాలు కాలి ఉండవచ్చు. మూత్రం నల్లగా వస్తే మూత్రపిండాలకు ప్రమాదం. ఇ.సి.జి. తీయించాలి.

చివరిగా ఒక మాట. కరెంటు స్తంభాలకు, వాటిని లాగికట్టే స్టే తీగలకు పశువులను కట్టవద్దు. తీగ దగ్గర పశువు పడిపోతే దాని దగ్గరకు పరుగెత్తవద్దు. కాళ్ళు జివ్వుమంటే, రెండు పాదాలూ దగ్గరగా చేర్చి, నేలనుంచి ఎత్తకుండా జరుపుకుంటూ వెనక్కు రండి. గేదెను మళ్ళీ కొనుక్కోవచ్చు. మీ ఇంటికి మీరొక్కరే.