పాత విమానం కొనడం తేలికే... సాకడమే కష్టం!

యాభై ఏళ్ల నాటి కారు కొంటానంటే పిచ్చి అనుకుంటారు. మరి యాభై ఏళ్ల నాటి విమానం కొంటానంటే ఏమనాలి? అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు బళ్లారికో, హోసూరుకో ఫోన్ చేసి 'నాన్నా, ముగ్గురు స్నేహితులతో కలిసి చిన్న విమానం కొంటున్నా, 1976 మోడల్' అని చెబితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. 'ఏమప్పా, పదైదేండ్ల కారునే తుక్కుకు ఇస్తాండాము గదా, అంత పాతదాంట్లో ఆకాశంలోకి పోతాడంటనా?' అని ఈ వైపు వాళ్లంటే, 'ఏటి బాబూ, కొత్తది దొరకలేదా?' అని బరంపురం వైపు వాళ్లంటారు. సరదాగా విమానం నడపడం నేర్చుకునే తెలుగు కుర్రాళ్లు అక్కడ ఉన్నారు కనుక ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. ఇందులో డబ్బూ ఉంది, ప్రాణమూ ఉంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పాతదని భయపడనక్కర్లేదు, చవగ్గా వస్తోందని సంబరపడనూ కూడదు. చూడాల్సినవి రెండు. ఒకటి, దాని కాగితాలు. రెండు, దాన్ని వారం వారం ఎగరేసే మనుషులు. ఈ రెండూ సరిగ్గా లేని విమానాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.

పాతవే ఎందుకు కొంటారు?

నాలుగు సీట్లు, ఒకే ఇంజను ఉండే సెస్నా 172 సంగతే తీసుకుందాం. 1956 నుంచి ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఏ విమానమూ ఇన్ని తయారు కాలేదు. అయితే 1986లో కంపెనీ చిన్న పిస్టన్ విమానాల తయారీ ఆపేసింది. ఎప్పుడో అమ్మిన విమానం కూలినా తయారీదారు మీద దావాలు పడటం, బీమా ఖర్చు తడిసి మోపెడు కావడం అందుకు పెద్ద కారణాలు. విమానం అమ్మిన 18 ఏళ్ల తర్వాత సాధారణంగా అలాంటి దావాలు చెల్లవని 1994లో అమెరికా చట్టం చేశాకే, 1996లో 172 తయారీ మళ్లీ మొదలైంది. నడుమ పదేళ్లు ఖాళీ!

కొత్త 172 ధర ఇప్పుడు 4 లక్షల డాలర్ల పైమాటే. మన లెక్కలో మూడు కోట్ల రూపాయలు దాటుతుంది. 1970ల నాటిదైతే దాని స్థితిని బట్టి అందులో నాలుగో వంతుకో, మూడో వంతుకో వస్తుంది. జీతం మీద బతికేవాడికి అందేది అదే. అందుకే అక్కడి చిన్న ఎయిర్‌పోర్టుల్లో నిలబడి చూస్తే తాతల కాలం నాటి విమానాలే ఎక్కువ కనిపిస్తాయి.

మరి అవి ఇన్నాళ్లు ఎలా నిలిచాయి? మన లారీకి ఎఫ్‌సీ చేయించినట్టు, అక్కడ ప్రతి విమానానికీ 12 నెలలకోసారి పూర్తి తనిఖీ జరగాలి. మూతలన్నీ విప్పి, ప్రత్యేక అర్హత ఉన్న మెకానిక్కు చూసి, లాగ్‌బుక్కులో సంతకం పెడితేనే అది మళ్లీ ఎగరాలి. ఏదైనా మోడల్లో ప్రమాదకరమైన లోపం బయటపడితే ప్రభుత్వ విమానయాన శాఖ ఆదేశం జారీ చేస్తుంది. అది సలహా కాదు, చట్టం.

ఒక్క ఉదాహరణ చాలు. సెస్నాలో పైలట్ సీటు రెండు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ పట్టాల రంధ్రాలు అరిగిపోతే సీటు గట్టిగా పట్టుకోదు. టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు సర్రున వెనక్కి జారుతుంది, చేతిలోని కంట్రోలు దాంతోపాటే వెనక్కి వస్తుంది. విమానం ఇంకా నిక్కి, గాలిలో పట్టు తప్పి పడిపోతుంది. ఇలాంటి ప్రమాదాల తర్వాతే ఆ పట్టాలను కొలిచి చూడాలని 1987లో ఆదేశం వచ్చింది. 2011లో దాన్ని సవరించి మళ్లీ ఇచ్చారు. చిన్న పట్టా, పెద్ద ప్రాణం! లాగ్‌బుక్కులో ఈ తనిఖీ నమోదు లేకపోతే ఆ విమానం ఎంత మెరుస్తున్నా ఎక్కకూడదు.

కొత్తది అయినంత మాత్రాన...

వయసు ఒక్కటే కొలత కాదనడానికి ఒక విషాదం సాక్ష్యం. 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో పైపర్ శిక్షణ విమానం ఒకటి టేకాఫ్ తర్వాత ఎడమ రెక్క ఊడిపోయి కూలింది. అందులోని ఇద్దరూ చనిపోయారు. ఆ విమానం తయారైంది 2007లో. పదకొండేళ్లదే! కానీ శిక్షణలో 7,600 గంటలకు పైగా తిరిగింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దించే దెబ్బలు, పదే పదే టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు కలిసి రెక్క లోపలి ప్రధాన దూలంలో పగులు పుట్టించాయి. పైకి కనిపించలేదు. ఆ తర్వాత 2021లో, అలా ఎక్కువ ఒత్తిడి పడ్డ వేల పైపర్ విమానాల రెక్కల మొదళ్లను ప్రత్యేక పరికరంతో పరీక్షించాలని ఆదేశం వచ్చింది. అంటే అడగాల్సింది 'ఎన్నేళ్లది?' అని మాత్రమే కాదు. 'ఎన్ని గంటలు, ఎలాంటి పనిలో తిరిగింది?' అని కూడా.

దీనికి తిరగబడ్డ సంగతి ఇంకొకటి ఉంది. 'పదేళ్లలో 200 గంటలే తిరిగింది సార్, షెడ్డులోనే ఉంది' అని అమ్మేవాడు ఊరిస్తాడు. కారయితే మనం ఎగిరి గంతేస్తాం. విమానం దగ్గర మాత్రం అక్కడే జాగ్రత్త పడాలి. ఈ తరగతి విమానాల్లో ఎక్కువగా వాడే లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ ఇంజను పైభాగాన ఉంటుంది. నెలల తరబడి నిలబెడితే దాని మీది నూనె కిందికి కారిపోతుంది, తేమ తగిలి తుప్పు పడుతుంది. మళ్లీ నడిపినప్పుడు ఆ తుప్పే ఇనుమును గీకుతుంది. 1977-80 మధ్య వచ్చిన 172లలోని ఓ-320-హెచ్2ఏడీ ఇంజనుకు ఈ భాగం అరిగే జబ్బుందని పైలట్లలో పేరు పడింది. నిలబెట్టిన విమానం కన్నా తిరిగే విమానం మేలు. పొలం దున్నే ఎద్దుకూ, కొట్టంలో కట్టేసిన ఎద్దుకూ ఉన్న తేడాయే ఇది.

పొలానికి ఈసీ తీస్తాం కదా!

ఎకరం చేను కొనాలంటే ఏం చేస్తాం? ఈసీ తీయిస్తాం. పహణీ చూస్తాం. అప్పు ఉందా, తగాదా ఉందా అని కరణాన్నీ పక్క పొలం వాళ్లనూ అడుగుతాం. విమానానికీ అంతే. ఓక్లహోమా సిటీలోని ప్రభుత్వ రిజిస్ట్రీలో దాని పాత యజమానులు, అప్పుల వివరాలు వెతికించాలి. తయారైన రోజు నుంచి ఇప్పటిదాకా ఉన్న లాగ్‌బుక్కులన్నీ చూడాలి. ఒక్క పుస్తకం లేకపోయినా ధర పడిపోతుంది, పడిపోవాలి కూడా. ఆ ఏళ్లలో రెక్క విరిగి అతికించారో, తిరగబడిందో ఎవరు చెబుతారు?

తర్వాత మెకానిక్కు. అమ్మేవాడి విమానాన్ని ఏళ్లుగా చూస్తున్న మెకానిక్కు చేతే పరీక్ష చేయించడం, పిల్లను చూడ్డానికి పిల్లవాళ్లు పెట్టిన పెళ్లిళ్ల పేరయ్యనే నమ్మడం లాంటిది. మన ఖర్చుతో, మన మనిషే చూడాలి. ఆయిల్ ఫిల్టరు కోసి ఇనప రజను ఉందేమో చూడాలి. సిలిండర్లలోకి చిన్న కెమెరా పంపాలి. రెక్కల లోపల తుప్పు వెతకాలి. దీనికి కొన్ని వందల నుంచి వెయ్యి, రెండు వేల డాలర్లు అవుతాయి. అది దండగ అనుకునేవాళ్లే ఎక్కువ. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర తగువు పెట్టుకోవడం అంటే ఇదే!

అసలు లెక్క ఇదీ...

కొన్న ధర మొదటి మెట్టు మాత్రమే. గంటకు సుమారు 30 లీటర్ల పెట్రోలు, అదీ విమానాలకే తయారయ్యే ఖరీదైన పెట్రోలు. నిలిపే చోటుకు అద్దె, బీమా, ఏటా తనిఖీ, ఆ తనిఖీలో బయటపడే మరమ్మతులు. వీటన్నిటి మీద పెద్ద బండ ఇంజను ఓవర్‌హాల్. ఇప్పుడు దానికి 30 వేల డాలర్లకు తక్కువ కాదు.

ఇక్కడే ఒక చిన్న గుణకారం చేసి చూడండి. ఈ ఇంజన్లకు 2,000 గంటలకు లేదా 12 ఏళ్లకు, ఏది ముందొస్తే అప్పుడు ఓవర్‌హాల్ చేయించమని తయారీదారు సలహా. ఒక్కడే యజమాని, ఏడాదికి 50 గంటలు ఎగిరాడనుకోండి. 2,000 గంటలు కావడానికి 40 ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఇంజను ఆగదు. గంటలు మిగిలే ఉంటాయి, తుప్పు తినేస్తుంది. అదే నలుగురు కలిసి, తలా 50 గంటలు ఎగిరితే? ఏడాదికి 200 గంటలు. పదేళ్లలో 2,000 పూర్తి. ఇంజను పూర్తిగా పనికొస్తుంది, ఖర్చు నాలుగో వంతవుతుంది, విమానం వారం కూడా ఖాళీగా ఉండదు.

అందుకే ఒంటరిగా కొనడాన్ని నేను సమర్థించను. నలుగురు కలవాలి. అయితే అన్నదమ్ముల ఉమ్మడి బోరు ఎన్ని కొంపలు కూల్చిందో మనకు తెలియంది కాదు. కాబట్టి మొదటి రోజే కాగితం రాసుకోవాలి. ఎగిరిన ప్రతి గంటకూ ఇంజను నిధికి ఇంతని జమ చేయాలి. ఒకరు తప్పుకుంటే వాటా ఎలా కట్టాలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం: 'ఇది ఈ రోజు ఎగరకూడదు' అనే హక్కు నలుగురిలో ఎవరికైనా ఉండాలి. 'ఇక ఎగరొచ్చు' అనే మాట మాత్రం మెకానిక్కు ఒక్కడే చెప్పాలి.

సొంత మరమ్మతుల మాట కూడా చెప్పుకోవాలి. అక్కడ పైలట్ అయిన యజమాని ఆయిల్ మార్చడం, టైరు మార్చడం లాంటి చిన్న పనులు తానే చేసుకుని పుస్తకంలో రాసి సంతకం పెట్టొచ్చు. డబ్బు కలిసొస్తుంది, తన విమానం ఒళ్లు తనకు తెలుస్తుంది. అంతకు మించి చేయి పెడితే తప్పు. ఏడాదికి 50 గంటలు కూడా ఎగరలేని వాడు, పైగా తోడు దొరకని వాడు, క్లబ్బులో అద్దెకు తీసుకోవడమే మర్యాద.

ఇది మనకెందుకంటారా?

అమెరికా సంగతి మనకెందుకు అని కొందరు అనొచ్చు. మన పెరట్లోనే ఈ కథ ఉంది. దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు ఒకప్పుడు దిక్కయిన 'పుష్పక్' విమానం తయారైంది బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో. 1958లో మొదటిసారి ఎగిరిన ఈ రెండు సీట్ల విమానానికి బట్ట కప్పిన రెక్కలు, 90 గుర్రాల ఇంజను. నూట యాభైకి పైగా తయారయ్యాయి. బెంగళూరు శివారు జక్కూరులో 1940ల చివర మొదలైన శిక్షణ పాఠశాల ఉంది. హోసూరు దగ్గర బెళగొండపల్లిలో 1990ల్లో ఇటలీ పార్టెనేవియా లైసెన్సుతో రెండింజన్ల చిన్న విమానాలు తయారు చేశారు. బెంగళూరు ఎన్‌ఏఎల్ 'హంస'ను తయారు చేసింది. చిన్న విమానాల పెట్రోలును పూర్తిగా దిగుమతి చేసుకునే మన దేశంలో 2022లో వడోదరలో దాని తయారీ కూడా మొదలైంది.

మన దగ్గర సొంత విమానం కొనేవాళ్లు వేళ్ల మీద లెక్క. కానీ పిల్లవాణ్ని పైలట్ చేయాలని పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో పదుల లక్షలు కట్టే కుటుంబాలు సరిహద్దుకు ఈ వైపూ ఆ వైపూ ఉన్నాయి. ఆ పిల్లలు ఎక్కేదీ చాలాసార్లు పాత విమానమే. ఫీజు ఎంత, హాస్టలు ఉందా అని అడుగుతాం. విమానం గురించి అడగం. ఇక్కడ కూడా ఎగిరే యోగ్యత పత్రాన్ని ఏటా సమీక్షించాలి. లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం ఉండాలి. ఆ పత్రం తేదీ, ఇంజను గంటలు, ఇంజనీరు ఎవరు అన్నవి ప్రతి శిక్షణ సంస్థా తల్లిదండ్రులకు అడగకుండానే చూపించాలి. దాచేదేమీ లేకపోతే చూపించడానికి కష్టమేమిటి?

ఇంకో మాట. పైలట్ కావాలన్న కలకు ఇచ్చే విలువలో సగమైనా విమానాల ఇంజనీరుకు మనం ఇవ్వడం లేదు. పాత విమానాన్ని యాభై ఏళ్లు బతికించేది ఆ చేతులే.

కాబట్టి రేపు ఆ ఫోను వస్తే, 'ఎంత పాతదిరా?' అని కంగారు పడకండి. మూడే అడగండి. పోయిన మూడు నెలల్లో ఎన్ని గంటలు ఎగిరింది? చివరి తనిఖీ ఎప్పుడు, ఎవరు చేశారు? పుస్తకాలన్నీ మొదటి నుంచీ ఉన్నాయా? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబితే ఆశీర్వదించండి. నసిగితే, డబ్బు కట్టక ముందే ఆపండి.