ఘాటు వస్తోందట!

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నోటీసు పడింది. మొత్తం పన్నెండు అంశాలు. ఏడోది మా గురించే. ఘాటైన దినుసులు వేయించడం, దంచడం వల్ల తోటి నివాసులకు అసౌకర్యం కలుగుతోందట, దయచేసి మానుకోవాలట. టెర్రస్ మీద మిరపకాయలు, వడియాలు ఎండబెట్టరాదట. దాని కింద ఇరవై ఏడు బొటనవేళ్లు పైకి లేచాయి.

నేరం మాదేనని ఒప్పుకుంటున్నాను. అంతకు ముందురోజు పొద్దున మా ఇంట్లో సాంబారు పొడి చేశాం. చేసింది నేను, పక్కన నిలబడి తప్పులు పట్టింది మా ఆవిడ. హైదరాబాద్ కొండాపూర్‌లో పదకొండో అంతస్తు మాది. మూకుట్లో ఎండుమిరపకాయలు పడగానే ఎదురు ఫ్లాట్‌లో ఎవరో తుమ్మారు, ఆ వెంటనే తలుపు వేసుకున్న చప్పుడు. మర్నాటికి అది ఏడో అంశమైంది. ప్రతి శనివారం రాత్రి క్లబ్‌హౌస్ పచ్చికలో బొగ్గుల మీద కోళ్లు కాలుతుంటాయి, ఆ పొగ మా పడగ్గదిలోకే వస్తుంది. దానికి అంశం లేదు. దాని పేరు కమ్యూనిటీ ఈవెంట్.

నాకు కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. ఆ నోటీసు రాసినవాళ్లు పొడి చేయడమంటే ఏదో పల్లెటూరి జాతర అనుకుంటున్నట్టుంది. ఇరవై నిమిషాల పని అది. మా పక్కింటి కుర్రాడి స్టాండప్ మీటింగు అంతకన్నా ఎక్కువసేపు సాగుతుంది, గోడ ఇవతల కూర్చుని రోజూ వింటూనే ఉన్నాను.

కప్పు ధనియాలకి పావు కప్పు శనగపప్పు, రెండు చెంచాల మినప్పప్పు, పదిహేను ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, అర చెంచా మిరియాలు, అర చెంచా మెంతులు, రెండు రెబ్బల కరివేపాకు. లెక్క ఇంతే. కానీ వీటన్నిటినీ ఒక్కసారే మూకుట్లో పోసి గరిటె తిప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. యూట్యూబ్‌లో సగంమంది చేసేది అదే. శనగపప్పు లోపలిదాకా వేగేసరికి జీలకర్ర మసైపోదూ? ముందు పప్పులు, సన్నసెగ మీద, ఓపిగ్గా. తర్వాత ధనియాలు. రంగు మారబోయే ముందు వాటిలోంచి నిమ్మతొక్క లాంటి వాసన లేస్తుంది, అక్కడ దించేయాలి. మెంతుల దగ్గర ఫోన్ మోగినా చూడకూడదు. ఎర్రబడ్డాక ఇంకో పది సెకన్లు ఉంచితే పొడంతా చేదెక్కుతుంది. జీలకర్రకి మంట అక్కర్లేదు, పొయ్యి కట్టేశాక ఆ మూకుడు వేడే చాలు. అన్నీ పళ్లెంలో పోసి పూర్తిగా చల్లారనివ్వాలి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే జార్ కాలిపోతుంది, గింజలో ఉన్న సువాసన నూనెలు ఆ వేడికి ఎగిరిపోతాయి. ఇది తప్పించడానికి కొన్ని కర్మాగారాల్లో దినుసుల్ని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి మరీ పొడి చేస్తారు. రోట్లో దంచితే అంత వేడీ పుట్టదు, నైట్రోజన్ సిలిండరూ అక్కర్లేదు.

మసాలా అన్న మాట అరబ్బీలో పుట్టి ఫార్సీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. మనకి అంతకుముందే సంబారం ఉంది. సమకూర్చుకున్న సరుకు అని దాని అర్థం. సమకూర్చుకోవడంలో ఏ ఇంటి తగువు ఆ ఇంటిది. మాది కోస్తా, మా ఆవిడది హనుమకొండ. మటన్ కూరకి ఆవిడ ధనియాలు, కుడుక, గసగసాలు, చెక్క, లవంగాలు వేయించి ఎల్లిగడ్డతో కలిపి నూరుతుంది. కుడుక ఎందుకని పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగాను. మళ్లీ అడగలేదు. (గసగసాలంటే గుర్తొచ్చింది: పిల్లలు గల్ఫ్‌లో ఉన్నవాళ్లు సూట్‌కేసులో ప్రేమకొద్దీ ఆ పొట్లం పెట్టి పంపకండి, దుబాయ్‌లోనూ సౌదీలోనూ అవి నిషిద్ధం.)

ప్యాకెట్ కొనుక్కుంటే పోదా అని గ్రూపులో ఒకాయన ఉచిత సలహా ఇచ్చారు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ వాళ్లు ఎండీహెచ్ పొడులు మూడింటిలో, ఎవరెస్ట్ చేపలకూర మసాలాలో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందన్నారు. ఆ ఎవరెస్ట్ మసాలానే సింగపూర్ కూడా మార్కెట్‌లోంచి వెనక్కి రప్పించింది. సూక్ష్మక్రిముల్ని చంపడానికి వాడే వాయువు అది, క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గంలో ఉంది. కంపెనీలు కాదన్నాయి. మన ఆహార ప్రమాణాల సంస్థ తన పరీక్షల్లో అది కనబడలేదంది. అదే నెలలో ఆ సంస్థ మనదేశంలో నమోదు కాని పురుగుమందుల అవశేషాలకి మసాలా దినుసుల్లో ఉండే పరిమితిని కిలోకి 0.01 మిల్లీగ్రాము నుంచి 0.1కి పెంచింది. పది రెట్లు! ఇంట్లో దంచినంత మాత్రాన మిరపకాయ మీది మందు రాలిపోదని నాకూ తెలుసు. కాకపోతే తొడిమ తీసిన కాయ ఎలా ఉందో నేను చూశాను, బూజు పట్టినది ఏరి పారేశాను. ప్యాకెట్‌లో ఎర్రగా కనిపించే పొడికి ముందు జన్మ ఏమిటో ఎవరు చూశారు?

ధర సంగతి ఇంకో విడ్డూరం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలితే ఆంధ్రా రైతుల కోసం కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ధర కట్టింది, అంటే కిలో 118. ఆ వేసవిలో మా వీధి చివర సూపర్‌మార్కెట్‌లో కారం ప్యాకెట్ ఒక్క రూపాయి దిగుతుందేమోనని వారం వారం చూశాను. దిగలేదు.

అలాగని ప్యాకెట్ మీద నవ్వుతూ నిలబడే ఆ 'అమ్మ చేతి రుచి' బొమ్మకి నేను భక్తుణ్ణి కాను. మా ఇంట్లో ఏప్రిల్ వచ్చిందంటే ఏడాది కారం కొట్టేవాళ్లు. రోట్లో కాయలు పోసి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్లు వేసేవాళ్లు, ముక్కుకి గుడ్డ కట్టుకుని. సాయంత్రానికి మా అమ్మ గిన్నెలో మజ్జిగ పోసుకుని రెండు చేతులూ అందులో ముంచి అరుగు మీద కూర్చునేది. అన్నం మా మేనత్త కలిపి పెట్టేది. ఆ చేతుల మంట గురించి ఏ ప్యాకెట్ మీదా రాయరు. అందుకే మా ఇంట్లో మూకుడు నా చేతికొచ్చింది. ఐటీ కారిడార్‌లో కోడ్ రాసే మగపిల్లలకి కూడా రెండు చేతులూ ఉన్నాయి కదా!

ఇందాక రోలు అన్నాను. అసలు కడుపుమంట ఆ రాయి దగ్గరుంది. 1998 నవంబర్ 22న వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ ఎటు చూసినా బండలే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు, తోస్తే పడిపోతాయేమో అన్నట్టు. దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు. వాటిని బతకనివ్వండని అడగడానికి 1996లోనే ఈ ఊళ్లో సొసైటీ టు సేవ్ రాక్స్ పుట్టింది. ఖాజాగూడలో కాసిని, దుర్గంచెరువు పక్కన కాసిని మిగిలాయి. తక్కినవి కంకరయ్యాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవలో సుప్రీంకోర్టు ఆపమనేదాకా యంత్రాలు ఆగలేదు. అప్పుడు కూడా నెమళ్ల గురించి, జింకల గురించి మాట్లాడారు, మాట్లాడాల్సిందే. రాళ్ల గురించి మాట్లాడినవాళ్లు వేళ్ల మీద లెక్క. మా వెనక స్థలంలో బండ పేల్చినప్పుడల్లా గాజుపలకలు గలగలమంటాయి, షెల్ఫులో మెంతుల డబ్బా ఓ అంగుళం జరుగుతుంది. అది అభివృద్ధి కనక ఏ నోటీసులోనూ అసౌకర్యం కాలేదు.

ఆ రాళ్లన్నీ పోయాక మా వంటింట్లోకి గ్రానైటు గట్టు వచ్చింది. నల్లగా నిగనిగలాడుతుంది. దాని మీద ఏదీ దంచకూడదు, అతుకుల దగ్గర పగులుతుందని బిల్డర్ ఇచ్చిన పుస్తకంలో రాసుంది. కింద దించి దంచితే పదో అంతస్తువాళ్లు ఫోన్ చేస్తారు. యుటిలిటీ అని పేరు పెట్టిన మూడడుగుల సందులో వాషింగ్ మెషీన్ పోగా మనిషి పక్కకి తిరిగి నిలబడాలి.

ఇంతకీ మా బిల్డింగులో రోలు లేదనుకునేరు, ఉంది. కింద లాబీలో, లిఫ్టుల మధ్య, లైటు కింద. ఏ ఊరి పెరట్లోంచి కొనుక్కొచ్చారో గానీ నున్నగా అరిగిన మంచి రోలు, మూడు తరాలు దంచి ఉంటారు. పక్కన తిరగలి కూడా పెట్టారు. రోలు నిండా నీళ్లు పోసి చామంతి రేకులు వేస్తారు, వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. నిన్న సాయంత్రం వంగి చూశాను. నీళ్లు మార్చి వారమైనట్టుంది, రేకులు నల్లబడ్డాయి, వాటి మధ్య దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. నోటీసులో నాలుగో అంశం డెంగీ గురించే. బాల్కనీ కుండీల్లో నీరు నిలిస్తే అయిదొందలు జరిమానా.