గెలుపు రాశి దగ్గర దొరల తగువు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటింది. యుద్ధం చేసినవాళ్లలో దాదాపు అందరూ మట్టిలో కలిసిపోయారు. అయినా గెలిచింది మేమంటే మేమని దేశాలు కొట్టుకోవడం మాత్రం ఆగలేదు.

2025 మే నెలలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్, ఈ యుద్ధం గెలవడంలో మాకంటే ఎక్కువ చేసిన దేశమే లేదు, ఇకనుంచి మే 8ని మేమూ విజయదినంగా పిలుస్తాం అన్నాడు. మాస్కోకి ఒళ్లు మండింది. మా వాళ్లు 2 కోట్ల 70 లక్షల మంది చస్తే గెలుపు మీదెట్లా అవుతుందని అక్కడినుంచి జవాబొచ్చింది. సెప్టెంబరు 3న బీజింగ్‌లో చైనా పెద్ద కవాతు చేసింది. అమెరికా చేసిన సాయాన్నీ, పోసిన రక్తాన్నీ ఆ కవాతులో తలుచుకుంటారా లేదా అని ట్రంప్ మళ్లీ దెప్పాడు. ఇంగ్లండు సంగతి చెప్పనక్కర్లేదు. 1940లో మేం ఒంటరిగా నిలబడ్డామని ఇప్పటికీ అక్కడ బడిపిల్లలకి చెబుతారు.

ఈ తగువు విని మన మేధావులూ రెండు జట్లయ్యారు. ఎర్రజెండా పెద్దలు రష్యా వైపు, ఇంగ్లీషు పేపర్ల పెద్దలు అమెరికా, బ్రిటన్ల వైపు. దళితుడా, నువ్వెటు అని మనల్నీ అడుగుతున్నారు. మన జవాబు చెప్పే ముందు లెక్క చూద్దాం. లెక్కంటే మనకి భయం లేదు. మన పేరు లేని లెక్కంటేనే అనుమానం.

జర్మన్ సైన్యం నష్టాల్లో నాలుగింట మూడొంతులు తూర్పు రంగంలోనే, అంటే సోవియట్ సైన్యం చేతుల్లోనే జరిగాయి. ఇది నిజం. స్టాలిన్‌గ్రాడ్‌లో 1943 ఫిబ్రవరిలో జర్మన్లు లొంగిపోయినప్పటికి, అమెరికా, బ్రిటన్ సైన్యాలు నార్మండీలో దిగడానికి ఇంకా పదహారు నెలల టైముంది. ఇదీ నిజం. అలాగే అమెరికా సోవియట్ యూనియన్‌కి 4 లక్షలకి పైగా ట్రక్కులూ జీపులూ పంపింది, మొత్తం మీద సుమారు 1100 కోట్ల డాలర్ల సరుకు అందించింది. అదీ నిజమే. చైనా 1937 నుంచే జపాన్‌తో పోరాడింది. ఎవరూ ఒంటిచేత్తో గెలవలేదు. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే సంగతి ఇది.

మరి తగువెందుకు? ఫ్రాన్స్‌లో జరిగిన ఒక సర్వే చూస్తే గుట్టు తెలుస్తుంది. 1945 మేలో, బాంబుల పొగ ఇంకా ఆరకముందు, జర్మనీని ఓడించడంలో ఎవరి పాత్ర ఎక్కువని ఫ్రెంచి జనాన్ని అడిగారు. నూటికి 57 మంది సోవియట్ యూనియన్ అన్నారు, 20 మంది అమెరికా అన్నారు. అదే ప్రశ్న 2004లో మళ్లీ అడిగారు. 58 మంది అమెరికా అన్నారు, 20 మంది సోవియట్ అన్నారు. ఈ అరవై ఏళ్లలో స్టాలిన్‌గ్రాడ్‌లో పడిన శవాలు లేచి వెళ్లిపోయాయా? లేదు. సోవియట్ యూనియన్ కూలిపోయింది, అమెరికా బలిసింది. సినిమా దానిది, డబ్బు దానిది, గొంతు దానిది. అందుకని గెలుపు కూడా దానిదైపోయింది. చరిత్ర ఎవరు చేశారనేది వేరు, ఎవరు రాయించారనేది వేరు. ఈ ముక్క మనకి కొత్త కాదు.

పల్లెల్లో కళ్లం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. దున్నిందొకరు, నాటిందొకరు, కోసిందొకరు, తూర్పారబట్టిందొకరు. రాశి పోశాక మాత్రం దొరలొస్తారు. నా పొలమంటే నా పొలమని రాశి దగ్గర తగువు పడతారు. కూలోడు గోచీ బిగించి దూరంగా నిలబడి, వీళ్ల తగువు తీరాక కళ్లం అడుగు గింజలన్నా దొరుకుతాయేమోనని చూస్తుంటాడు. అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనాల తగువు ఆ రాశి దగ్గర తగువే.

ఇది వట్టి పేరు కోసం కాదు సుమా! గెలుపు ఒక పట్టా. 1945లో ఐక్యరాజ్యసమితి పెట్టినప్పుడు గెలిచామన్న ఐదుగురు దొరలు భద్రతామండలిలో శాశ్వత కుర్చీలు వేసుకున్నారు. ప్రపంచమంతా ఒకటంటే ఒక్కడు కాదనే వీటో పెట్టుకున్నారు. పదిహేను రిపబ్లిక్కుల రక్తానికి వచ్చిన సోవియట్ కుర్చీలో 1991 నుంచి ఒక్క రష్యా కూచుంది. ఉక్రెయిన్ వాళ్లు లక్షలాదిగా ఎర్రసైన్యంలో చచ్చారు. అయినా ఉక్రెయిన్ లేకపోయినా మేమే గెలిచేవాళ్లమని 2010లోనే పుతిన్ అన్నాడు. 2022లో ఆ ఉక్రెయిన్ మీదకే సైన్యాన్ని నడిపినప్పుడు చెప్పిన సాకు కూడా నాజీల మీద యుద్ధమనే. ఎనభై ఏళ్ల నాటి గెలుపు ఇవాళ తుపాకీకి లైసెన్సుగా పనికొస్తోంది. అందుకే ఈ తగువుని ముసలాళ్ల ముచ్చటని కొట్టిపారెయ్యకూడదు.

ఇప్పుడు ఒక్కొక్క దొర ఇంటికీ వెళ్లి, అయ్యా నీ కళ్లంలో పనిచేసినవాళ్ల హాజరుపట్టీ చూపించు అని అడుగుదాం.

ముందు రష్యా. 1945 మే 24న క్రెమ్లిన్ విందులో స్టాలిన్ గ్లాసెత్తి రష్యన్ ప్రజలకి ప్రత్యేకంగా జేజేలు పలికాడు. సోవియట్ జాతులన్నిటిలోకీ వాళ్లే ముందు అన్నాడు. దానికి సుమారు ఏడాది ముందు, 1944 మే 18న, క్రిమియా తాతార్లని పిల్లాజెల్లాతో సహా రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకి తోలేశారు. దాదాపు 1 లక్షా 90 వేల మంది. ద్రోహులని జాతి మొత్తం మీద ముద్ర వేశారు. అదే వేళకి వాళ్ల కొడుకులు ఎర్రసైన్యంలో జర్మన్లతో పోరాడుతున్నారు. యుద్ధం గెలిచి పతకాలతో తిరిగొచ్చిన ఆ కొడుకులకి ఊరు లేదు, ఇల్లు లేదు. వాళ్లనీ ప్రవాసానికే పంపారు. జాతి మొత్తానికి పుట్టుకతో నేరం అంటగట్టడం ఏమిటో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

రెండు, అమెరికా. హిట్లర్ జాతి అహంకారాన్ని కూలుస్తామని బయల్దేరిన సైన్యంలో నల్లవాళ్లకి వేరే దళం, వేరే బస, వేరే భోజనం. పది లక్షలకి పైగా నల్లవాళ్లు ఆ సైన్యంలో పనిచేశారు. నార్మండీ తర్వాత ముందుకి దూసుకుపోయిన ట్యాంకులకి పెట్రోలూ గుళ్లూ మోసిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ ట్రక్కుల డ్రైవర్లలో నాలుగింట మూడొంతులు నల్లవాళ్లు. సినిమాల్లో ట్యాంకు మీద తెల్లవాడు కనిపిస్తాడు. దాంట్లో పెట్రోలు పోసినవాడు కనిపించడు. యుద్ధకాలంలో అత్యున్నత శౌర్య పతకం నాలుగు వందల మందికి పైగా ఇచ్చారు. అందులో నల్లవాడు ఒక్కడు లేడు. 1997లో ఏడుగురికి ఇచ్చారు. అప్పటికి ఆ ఏడుగురిలో బతికున్నది వెర్నన్ బేకర్ ఒక్కడే.

1946 ఫిబ్రవరిలో ఐజాక్ ఉడార్డ్ అనే నల్ల సార్జెంటు సైన్యం నుంచి విడుదలై, ఒంటి మీద యూనిఫారంతోనే బస్సెక్కి ఇంటికి వెళుతున్నాడు. దక్షిణ కెరొలైనాలో పోలీసులు దింపి, లాఠీతో రెండు కళ్లూ పోయేట్టు కొట్టారు. కొట్టినవాడిని కోర్టు నిర్దోషి అంది. సైనికులకి ఇళ్లకీ వ్యాపారాలకీ అప్పులిప్పించే చట్టం వచ్చింది. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 పట్టణాల్లో అట్లా ఇచ్చిన 3,229 అప్పుల్లో నల్లవాళ్లకి దక్కినవి రెండంటే రెండు. మాకంటే ఎక్కువ చేసినవాళ్లు లేరంటున్న అమెరికా, తన లోపలి నల్లవాడికి ఏం చేసిందో ఈ రెండు అప్పులే చెబుతాయి.

మూడు, ఫ్రాన్స్. 1940లోనే లొంగిపోయిన ఫ్రాన్స్ గెలిచినవాళ్ల బల్ల దగ్గరికి ఎట్లా వచ్చింది? ఆఫ్రికా నుంచి తెచ్చిన సైనికుల భుజాలెక్కి వచ్చింది. 1944 చలికాలం ముంచుకొస్తుండగా, గెలుపు దగ్గర పడుతుండగా, ఆ నల్ల సైనికులని దళాల్లోంచి తీసి తెల్లవాళ్లని నింపారు. దానికి 'తెల్లబరచడం' అనే పేరు కూడా పెట్టుకున్నారు. జర్మన్ చెరలోంచి బయటపడి సెనెగల్ చేరిన ఆఫ్రికా సైనికులు, మా బకాయి జీతమివ్వండి అని అడిగినందుకు, 1944 డిసెంబరు 1న థియరోయ్ శిబిరంలో ఫ్రెంచి సైన్యమే కాల్చి చంపింది. మొదట 35 మందే అన్నారు. అది ఊచకోత అని ఒప్పుకోవడానికి ఫ్రాన్స్ అధ్యక్షుడికి 2024 దాకా నోరు పెగల్లేదు. ఇక 1945 మే 8, యూరప్ అంతా విజయోత్సవం చేసుకున్న రోజునే, అల్జీరియాలోని సెతీఫ్‌లో మాకూ స్వాతంత్ర్యం కావాలని జెండా పట్టుకున్నవాళ్ల మీద కాల్పులు జరిపారు. అల్లర్లలో వందమంది దాకా యూరోపియన్లు చనిపోయారు. ప్రతీకారంగా వారాల తరబడి వేలమంది అల్జీరియన్లని చంపారు. ఒకడి విజయదినం ఇంకొకడి దినం అయింది.

నాలుగు, బ్రిటన్. ఒంటరిగా నిలబడిందట! 25 లక్షల భారత సైనికులు ఎవరు? వాళ్లలో చనిపోయిన 87 వేల మంది ఎవరు? జపాన్ వాళ్లకి దొరక్కూడదని 1942లో బెంగాల్ తీరంలో పడవలు లాక్కున్నారు, ధ్వంసం చేశారు. బియ్యం సైన్యానికీ నగరానికీ తరలింది. 1943 కరువులో సుమారు 30 లక్షల మంది మాడి చచ్చారు. చచ్చిందెవరు? భూమి లేని కూలీలు, చేపలు పట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు. జమీందారు చావలేదు, షావుకారు చావలేదు. యుద్ధంలో చచ్చినవాళ్ల లెక్కలో ఆ 30 లక్షల మందిని ఏ విజయస్తంభం మీదా రాయలేదు.

ఇంతదాకా పరాయి దొరల సంగతి. ఇప్పుడు మన ఊరి దొరల సంగతి.

2013లో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం, బ్రిటన్ చేసిన యుద్ధాలన్నిటిలో ఏది గొప్పదని ఓటింగు పెట్టింది. వాటర్లూ కాదు, నార్మండీ కాదు, 1944 నాటి ఇంఫాల్–కొహిమా పోరు గెలిచింది. ఆ కొహిమా దగ్గర పోరాడినవాళ్లలో చమార్ రెజిమెంటు ఉంది. చెప్పులు కుట్టే కులమని, తోలు ముట్టిన చెయ్యని ఊరవతల పెట్టిన జనం. 1943లో ఆ రెజిమెంటు నిలబెట్టారు. కొహిమా యుద్ధ గౌరవం దానికి దక్కింది. 1946లో రద్దు చేశారు. మూడేళ్లు! అవసరమున్నన్నాళ్లు సైనికుడు, అవసరం తీరాక మళ్లీ చమార్.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. మహర్లని సైన్యంలో చేర్చుకోవడం 1892లో ఆపేశారు. వీళ్లు యుద్ధ జాతి కాదన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో మహర్ దళం పెట్టారు, 1921లో తీసేశారు. మళ్లీ రెండో యుద్ధం ముంచుకొస్తే 1941లో మహర్ రెజిమెంటు పెట్టారు. కోతలప్పుడు రారా అని కేకెయ్యడం, కుప్ప నూర్చాక పోరా అని తోలెయ్యడం. తెల్లదొరా ఇదే చేశాడు, నల్లదొరా ఇదే చేస్తున్నాడు.

మహర్ రెజిమెంటు బతికింది. దాని కోసం కొట్లాడిన బాబాసాహెబ్ ఉన్నాడు కాబట్టి బతికింది. చమార్ రెజిమెంటుని మళ్లీ నిలబెట్టమని అడిగితే, సైన్యంలో కులమేమిటని నీతులు చెబుతారు. అయ్యా, రాజ్‌పుత్ రెజిమెంటు ఉంది కదా? జాట్ రెజిమెంటు ఉంది కదా? డోగ్రా ఉంది, సిక్కు ఉంది. అవి పరాక్రమం, మాదొచ్చేసరికి కులతత్వమా?

దీనికి తోడు ఇంకో తమాషా ఉంది. మన ఢిల్లీ పాలకులు విదేశాలకెళ్లి, ప్రపంచ యుద్ధాల్లో మా సైనికుల త్యాగాలు చూడండి, భద్రతామండలిలో మాకూ శాశ్వత కుర్చీ ఇవ్వండి అంటారు. శవాల్ని చూపించి కుర్చీ అడిగేటప్పుడు చమారూ, మహరూ అందరూ భారతీయులే. ఇంటికొచ్చాక ఆ చమార్ మనవడు పెళ్లికి గుర్రమెక్కితే రాళ్లేస్తారు.

తెల్లవాడి సైన్యంలో పనిచేసి గొప్పలేమిటి అని కొందరు అడుగుతారు. 2018 జనవరి 1న భీమా కోరేగావ్‌కి వెళ్లిన దళితుల మీద రాళ్లు వేసినవాళ్ల వాదన కూడా ఇదే. మా ఎదురు ప్రశ్న ఒకటే. ఊళ్లో బావి నీళ్లు ముట్టనిచ్చారా? బడిలో కూచోనిచ్చారా? భూమి ఇచ్చారా? ఏ తలుపూ తియ్యనివాడికి, తెరిచున్న తలుపులోంచి ఎందుకెళ్లావని అడిగే హక్కు లేదు. పైగా అదే సైన్యంలోని రాజ్‌పుత్‌నీ, జాట్‌నీ ఈ ప్రశ్న ఎవరూ అడగరే!

1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ మీద పడ్డాక, మన కమ్యూనిస్టు పెద్దలు దీన్ని ప్రజాయుద్ధమన్నారు. ఫాసిజం ఓడాలన్న మాట సరైనదే. అంబేద్కర్ కూడా నాజీల ఓటమి కోరాడు. కానీ బొంబాయి రేడియోలో మాట్లాడినప్పుడు ఆయన అక్కడితో ఆగలేదు. కూలివాడు ఈ గెలుపు కోరేది ఏ సమాజం కోసమో కూడా చెప్పాడు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం లేని గెలుపు కూలివాడి గెలుపు కాదన్నదే ఆ మాటల సారం. ఎవరు గెలిచారు అన్న ప్రశ్న పక్కనే ఎవరి కోసం అన్న ప్రశ్న పెట్టినవాడు ఆయన. మన పెద్దలు ఆ రెండో ప్రశ్న ఎత్తరు.

మాకు యుద్ధాల మీద మోజు లేదు. ఒకడి చావుకి పతకం పెట్టుకుని మురిసిపోయే అలవాటు మాకు లేదు. కానీ చచ్చినవాడి పేరు కొట్టేసి, చంపించినవాడి పేరు చెక్కితే ఊరుకోం. కాబట్టి మనం అమెరికా జట్టూ కాదు, రష్యా జట్టూ కాదు. క్రిమియా తాతారు, మిసిసిపీ నల్లవాడు, థియరోయ్ సైనికుడు, బెంగాల్ పడవవాడు, కొహిమా చమారు, ఇది మన జట్టు. ఐదుగురు దొరలు ఎనభై ఏళ్లుగా ఒకరి హాజరుపట్టీ ఒకరు దాచిపెట్టి అరుస్తున్నారు. పట్టీలు బయట పెట్టమందాం. మన బడిపుస్తకాల్లో చమార్ రెజిమెంటు పాఠం ఎక్కడుందో అడుగుదాం. ఆ పట్టీ చదివాకే గెలుపెవరిదో తేలుద్దాం.

అప్పటిదాకా ఆ రాశిని ఎవరూ ముట్టుకోవద్దు.

జై భీమ్!