తాళాలు వద్దు... టైమ్ చూడండి!

ఫిట్స్ వచ్చిన మనిషిని న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఎక్కువ ప్రశ్నలు వేసేది రోగిని కాదు, వెంట వచ్చినవారిని. ఎందుకంటే ఏం జరిగిందో రోగికి చాలాసార్లు తెలియదు. తెలివి వచ్చేసరికి చుట్టూ జనం, చేతిలో తాళాల గుత్తి... గుర్తుండేది అంతే.

ముందు ఏ చెయ్యి కొట్టుకుంది? తల ఎటు తిరిగింది? కళ్లు తెరిచే ఉన్నాయా? ఎన్ని నిమిషాలు? తేరుకున్నాక వెంటనే మాట్లాడారా? ఇవీ డాక్టరు ప్రశ్నలు. మెదడు ఎడమ సగం కుడివైపు శరీరాన్ని నడిపిస్తుంది. కాబట్టి మొదట కుడిచెయ్యి కొట్టుకుంటే అనుమానం మెదడు ఎడమవైపు మీదికి వెళ్తుంది.

'ఈఈజీ తీస్తే తెలిసిపోదా?' అనుకుంటాం. మెదడులోని విద్యుత్ తరంగాలను గీతలుగా చూపే పరీక్ష అది. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారిగా మనిషి తలపై వాటిని నమోదు చేశాడు. అయితే ఫిట్స్ లేని సమయంలో తీస్తే, మూర్ఛ ఉన్నవారిలోనూ ఈఈజీ మామూలుగానే ఉండొచ్చు. అందుకే కళ్లారా చూసినవారి మాటకు అంత విలువ. ఒకరు సాయం చేస్తుంటే ఇంకొకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీసినా మంచిదే.

తాళాలూ ఉల్లిపాయలూ ఫిట్స్‌ని ఆపవు. చాలావరకు అవి రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం తాళాలకు దక్కుతోంది! మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. నోట్లో చెంచా పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మరి చూసినవారే దాచేస్తే? అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారని మాత్రలు మాన్పించే ఇళ్లున్నాయి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. క్రమం తప్పకుండా సరైన మందులు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెళ్లికి అడ్డయ్యే కారణాల్లోంచి మూర్ఛను హిందూ వివాహ చట్టం 1999లోనే తీసేసింది. ఆ చట్టానికి లేని అభ్యంతరం మనకెందుకు?

పెళ్లిచూపుల నాడైనా సరే, ఆ పూట మాత్ర ఆ పూట పడాల్సిందే.