నడుముకు గట్టి పరుపే మందా?

పశ్చిమ ఢిల్లీలోని కీర్తినగర్ ఫర్నిచర్ మార్కెట్‌లో ఏ పరుపుల దుకాణంలోకి వెళ్లినా ముందుగా చెవిన పడే మాట 'ఆర్థో'. వచ్చినవారు నడుం నొప్పి సంగతి ఎత్తకముందే సేల్స్‌మన్ పరుపు మీద పిడికిలితో రెండు గుద్దులు గుద్ది, ఎంత గట్టిగా ఉందో చూడమంటాడు. డాక్టర్లు చెప్పేది ఇదేనంటాడు. ఏ డాక్టర్లు, ఎప్పుడు చెప్పారని ఎవరూ అడగరు. ఆ నమ్మకం దుకాణంలో పుట్టింది కాదు మరి, కొనేవాళ్లు ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నదే. నడుం పట్టేస్తే పరుపు తీసేసి చెక్కబల్ల మీద పడుకోమనీ, లేదంటే నేల మీద చాప వేసుకోమనీ చెప్పే పెద్దలు గుంటూరులోనూ ఉన్నారు, ఘజియాబాద్‌లోనూ ఉన్నారు. ఒకప్పుడు చాలామంది ఎముకల వైద్యులు కూడా ఆ సలహానే ఇచ్చేవారు.

ఆ సలహాను పరీక్షకు పెట్టింది స్పెయిన్ పరిశోధకులు. డాక్టర్ ఫ్రాన్సిస్కో కొవాక్స్ బృందం దీర్ఘకాలంగా నడుం నొప్పితో బాధపడుతున్న 313 మందిని తీసుకుంది. వీరి నొప్పికి ఫలానా జబ్బు అంటూ నిర్దిష్టమైన కారణమేదీ లేదు. కొందరి ఇళ్లలో గట్టి పరుపులు, మిగతావారి ఇళ్లలో మధ్యరకం గట్టిదనమున్న పరుపులు వేశారు. ఎవరికి ఏది దక్కిందో వారికి చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే, పడుకున్నప్పుడు, నిద్ర లేచినప్పుడు వచ్చే నొప్పి విషయంలోనూ, రోజువారీ పనులు చేసుకోవడంలోనూ మధ్యరకం పరుపు వాడినవారే మెరుగ్గా ఉన్నారు. 2003లో 'లాన్సెట్' పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఇరవై ఏళ్లు దాటినా ఆ సంగతి కీర్తినగర్ దాకా వచ్చినట్టు లేదు.

కారణం అంతుపట్టనిదేమీ కాదు. మనిషి శరీరం పలకలా ఉండదు. పక్కకు తిరిగి పడుకుంటే భుజం, తుంటి ముందుకు పొడుచుకొస్తాయి, నడుం లోపలికి ఉంటుంది. బల్లలాంటి పరుపు మీద బరువంతా ఆ రెండుచోట్లే పడుతుంది. నడుం కింద ఖాళీ మిగిలిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి కండరాలు రాత్రంతా బిగుసుకుని ఉండాలి. తెల్లారి లేచేసరికి భుజం తిమ్మిరెక్కుతుంది. అలాగని మరీ మెత్తనిది కొంటే అవస్థ ఇంకోరకం. వదులైన నులక మంచంలోలా తుంటి కిందికి దిగిపోయి వెన్ను విల్లులా వంగుతుంది. భుజం, తుంటి కొద్దిగా దిగి, నడుం కింద ఆధారం తగిలితే అది సరైన పరుపు. అరవై కిలోల మనిషికి మధ్యరకం అనిపించిన పరుపు తొంభై కిలోల మనిషికి మెత్తగా ఉంటుంది. కాబట్టి పక్కింటివారికి నప్పింది మనకూ నప్పుతుందన్న హామీ లేదు.

ఇక 'ఆర్థో' మాటకొద్దాం. ఆ పేరు పరుపు మీద అచ్చువేయడానికి ఏ వైద్య మండలి అనుమతీ అక్కర్లేదు. ఆ పేరుతో అమ్ముడయ్యే చాలా పరుపుల్లో ప్రధానంగా ఉండేది రీబాండెడ్ ఫోమ్. ఫోమ్ ఫ్యాక్టరీల్లో కోతల తర్వాత మిగిలిన ముక్కలను తురిమి, జిగురు కలిపి, అదిమి చేసే దిమ్మ అది. బరువుగా, గట్టిగా ఉంటుంది, త్వరగా కుంగదు. అది మోసపు సరుకేమీ కాదు. పైన తగినంత మెత్తని పొర ఉంటే మంచి పునాదిగానూ పనికొస్తుంది. వైద్యం పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మడం దగ్గరే పేచీ.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని సామెత. పొద్దంతా పొలంలో ఒళ్లు వంచినవాడి విషయంలో అది నిజమే. గురుగ్రామ్ ఆఫీసులో పది గంటలు కుర్చీకి అతుక్కుపోయి, మెట్రోలో మరో గంటన్నర నిలబడి ద్వారకకో, నోయిడాకో చేరే ఉద్యోగి నడుము మాత్రం సుఖాన్ని బాగానే ఎరుగుతుంది. ఆ నడుముకు పగలు జరిగిన నష్టాన్ని పరుపు పూడ్చలేదు. ఉన్న నొప్పిని పెంచకుండా ఉంటే చాలు. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి వస్తున్నా, కాలు బలహీనపడుతున్నా వెళ్లాల్సింది దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికి. ఒకటి తర్వాత ఒకటిగా పరుపులు మార్చుతూ ఏడాది గడిపేసి చివరికి ఆస్పత్రికి వెళ్లడం వల్ల పోయేది డబ్బు మాత్రమే కాదు.

ఢిల్లీవాసుల పరుపు ఒకప్పుడు దూదితో కుట్టినదే. అక్టోబర్ చివర్లో, చలి తొంగిచూసే వేళకు పొడవాటి విల్లు భుజాన వేసుకుని, దాని తీగను మీటుతూ ధునియాలు వీధుల్లోకి వచ్చేవారు. మన దూదేకులవారి పనే వారిదీ. గడ్డకట్టిన పాత పరుపునూ రజాయినీ విప్పి, దూదిని ఏకి, పొంగించి మళ్లీ కుట్టేవారు. గల్లీ మొదట్లో యంత్రం పెట్టుకుని ఈ పని చేసే కొట్లు పాత ఢిల్లీలోనూ, తూర్పు ఢిల్లీలోనూ ఇంకా ఉన్నాయి. విల్లు మోత మాత్రం అరుదైపోయింది. దూది పరుపు గాలి ఆడనిస్తుంది, చెమట పీలుస్తుంది, పాడైతే బాగుచేసుకోవచ్చు. ఆంధ్ర ఇళ్లలోని బూరుగు దూది పరుపులదీ ఇదే గుణం. ఎండలో వేయకపోతే, ఏడాది రెండేళ్లకోసారి ఏకించకపోతే నడుం ఉండేచోట గుంట పడటం ఖాయం. మూడో అంతస్తు ఫ్లాట్ నుంచి దూది పరుపును మేడ మీదికి మోసే ఓపిక ఎందరికుంది?

ఆ ఖాళీలోకే కొబ్బరిపీచూ, ఫోమూ వచ్చాయి. రబ్బరు కలిపిన కొబ్బరిపీచు పరుపులతో దక్షిణాదిన మొదలైన కర్ల్‌ఆన్ 1962 నాటిది. ఉత్తరాదిన ఫోమ్‌ను ఇంటింటికీ చేర్చిన షీలా ఫోమ్ 1971లో ఏర్పడింది. ఢిల్లీని ఆనుకుని ఉన్న సాహిబాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఆ సంస్థను స్థాపించిన షీలా గౌతమ్ తర్వాత అలీగఢ్ నుంచి నాలుగుసార్లు బీజేపీ ఎంపీగా గెలిచారు. స్లీప్‌వెల్ ఆ సంస్థ బ్రాండే. పీచు మంచిదా, ఫోమ్ మంచిదా అని రెండు కంపెనీల డీలర్లు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. 2023లో దాదాపు రూ. 2,150 కోట్ల విలువ కట్టి కర్ల్‌ఆన్‌ను కొనేందుకు షీలా ఫోమ్ ఒప్పందం చేసుకోవడంతో రెండు పక్షాలూ ఒకే ఇంటివయ్యాయి. డీలర్ల వాదన మాత్రం ఆగలేదు.

ఢిల్లీలో పరుపు కొనేవారు ఎక్కువగా పట్టించుకోనిది ఇక్కడి వాతావరణాన్ని. 2024 జూన్‌లో సఫ్దర్‌జంగ్ కేంద్రంలో ఒక రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతే 35.2 డిగ్రీలుగా నమోదైంది. జనవరిలో అదే కేంద్రంలో 3, 4 డిగ్రీలకు పడిపోయే రాత్రులుంటాయి. మెమరీ ఫోమ్ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం చార్లెస్ యోస్ట్ రూపొందించిన ఆ పదార్థం వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. చలిదేశాల్లో ఇళ్లను శీతాకాలమంతా వెచ్చగా ఉంచుతారు కాబట్టి అక్కడ పెద్ద తేడా తెలియదు. హీటర్ లేని ఢిల్లీ పడకగదిలో జనవరి రాత్రి పడుకోగానే అది అట్టలా తగులుతుంది. ఒంటి వేడికి మెల్లగా లొంగుతుంది. జూన్‌లో కరెంటు పోయి ఏసీ ఆగిపోతే అదే పరుపు ఒంటికి అంటుకుని దిగిపోతుంది, చెమట పోదు. ఏసీ షోరూమ్‌లో ఐదు నిమిషాలు పడుకున్నవారికి ఈ రెండు అనుభవాలూ తెలిసే వీలులేదు. మెమరీ ఫోమ్ మోజు ఉన్నవారు దాన్ని పైన ఒకటి రెండు అంగుళాల పొరకే పరిమితం చేసుకోవడం ఢిల్లీలో తెలివైన పని. రబ్బరు పాలతో చేసే లేటెక్స్, స్ప్రింగ్ పరుపులు గాలి విషయంలో నయం. మంచి లేటెక్స్ ఖరీదు ఎక్కువ. 'లేటెక్స్ పరుపు' అని రాసి ఉన్నా లోపల ఒక్క అంగుళం పొరే ఉండొచ్చు, అడిగి తెలుసుకోవాలి. స్ప్రింగుల్లో ఒకదానికొకటి ముడిపడి ఉండే బొనెల్ రకం కన్నా, విడివిడిగా సంచుల్లో ఉండే పాకెట్ స్ప్రింగులు దంపతులకు మేలు. ఒకరు పక్కకు తిరిగితే రెండోవారు ఉలిక్కిపడి లేవనక్కర్లేదు.

మరి ఎంచుకోవడమెలా? పరుపును గుద్ది చూస్తే తెలిసేదేమీ లేదు. చెప్పులు విడిచి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే పావుగంట పడుకోవాలి. సిగ్గుపడాల్సిన పనిలేదు, దుకాణదారు ఏమీ అనుకోడు. వెల్లకిలా పడుకుని నడుం కిందికి అరచేయి దూర్చాలి. చేయి అటూఇటూ తేలిగ్గా ఆడితే పరుపు మరీ గట్టిది. దూర్చడమే కష్టమైతే మరీ మెత్తనిది. కొద్దిగా ఒరుసుకుంటూ వెళ్తే సరిపోతుంది. తర్వాత పక్కకు తిరగాలి, భుజం మీద ఒత్తిడి తెలుస్తుంది. ఇద్దరు పడుకునే పరుపైతే ఇద్దరూ వెళ్లాలి. భర్త ఒక్కడే ఆదివారం వెళ్లి తెచ్చిన పరుపు మీద భార్య పదేళ్లు సర్దుకుపోవడం ఎన్నో ఇళ్లలో జరుగుతున్నదే. ఆన్‌లైన్‌లో కొంటే కొన్ని కంపెనీలు 100 రాత్రులు వాడి చూసే అవకాశమిస్తున్నాయి. స్పెయిన్ పరీక్ష 90 రోజులు సాగిందన్నది ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవచ్చు. కొత్త పరుపుకు ఒళ్లు అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, మూడో రాత్రికే తీర్పు చెప్పేయకూడదు. వాపసు షరతుల్లో రవాణా ఖర్చు ఎవరిదో ముందే చదువుకోవాలి.

ఫోమ్ పరుపైతే అడగాల్సిన ప్రశ్న డెన్సిటీ ఎంతని. ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్న ఆ లెక్క తక్కువైతే పరుపు త్వరగా కుంగుతుంది. దుకాణాల్లో '32 డెన్సిటీ', '40 డెన్సిటీ' అన్న మాటలు దీని గురించే. డెన్సిటీకీ గట్టిదనానికీ నేరుగా సంబంధం లేదు, ఎక్కువ డెన్సిటీ ఉన్న మెత్తని ఫోమ్ కూడా ఉంటుంది. ఏ పొర ఎన్ని అంగుళాలో, డెన్సిటీ ఎంతో బిల్లు మీద రాయించుకోవాలి. రాయడానికి ససేమిరా అన్న దుకాణం నుంచి బయటికి వచ్చేయవచ్చు. పదేళ్ల వారంటీ అంటే పదేళ్ల సుఖం అనుకోకూడదు. పరుపు నిర్ణీత లోతు దాటి గుంట పడితేనే సాధారణంగా వారంటీ వర్తిస్తుంది. మెత్తబడితే వర్తించదు, మరక పడినా నిరాకరిస్తారు. చెప్పిన పొర లోపల లేదని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ. 10 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది.

సివిల్స్ కోచింగ్ కోసం ఓల్డ్ రాజిందర్ నగర్‌లోనూ, ముఖర్జీనగర్‌లోనూ గదులు తీసుకునే తెలుగు కుర్రాళ్లకు ఈ ఎంపికలేవీ ఉండవు. ముందు అద్దెకున్నవారు నలిపేసిన పలుచని పరుపు గదితోపాటే వస్తుంది. రోజుకు పన్నెండు గంటలు పుస్తకాల మీద వంగే ఆ వెన్నులకు కొత్త మంచం కొనిచ్చేవారు లేరు. గల్లీలో కుట్టించుకున్న దూది పరుపు ఒకటి పాతదాని మీద వేసుకున్నా ఎంతో తేడా ఉంటుంది. వదిలి వెళ్లేటప్పుడు చుట్టి రైల్లో వేసుకోవచ్చు. అమర్ కాలనీలాంటి సెకండ్‌హ్యాండ్ మార్కెట్లలో మంచం, బల్ల కొనడం మంచి బేరమే. పరుపు మాత్రం అక్కడ కొనకపోవడం మేలు. ఇంకొకరి ఒంటి గుంటతో పాటు నల్లులూ ఉచితంగా వస్తాయి.

ఢిల్లీ ఇళ్లలో మంచమంటే చాలామటుకు పెట్టె మంచమే. వేసవిలో రజాయిలు, చలికాలంలో కూలర్ సామాన్లు దాని కడుపులోకే పోతాయి. కింద ప్లైవుడ్ పలక ఉంటుంది, గాలి ఆడదు. జులై, ఆగస్టు తేమలో పరుపు అడుగున బూజు పడుతుంది. ఆస్తమా ఉన్నవారికి అది పొగమంచు రోజులకు ముందే మొదలయ్యే బాధ. వడ్రంగిని పిలిచి పలకకు వరసగా రంధ్రాలు పెట్టించడం చాలా చవకైన మరమ్మతు. ఆ పలక మీద పది అంగుళాల కొత్త పరుపు వేసే ముందు టేపుతో ఎత్తు కూడా కొలవాలి. సంక్రాంతి దాటాక రాజమండ్రి నుంచో వరంగల్ నుంచో వచ్చే అమ్మానాన్నలు మంచం అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. ఆనకపోతే మోకాళ్ల నొప్పులున్నవారు రాత్రి లేచినప్పుడల్లా జారుతూ దిగాల్సి వస్తుంది. అలాంటి ఇళ్లకు ఆరంగుళాల పరుపే సరి.