నాలుగు బోర్లు, ఒకటే జల

ప్రాసెసర్‌లో కోర్లు పెరిగినంత మాత్రాన కారు భద్రత పెరుగుతుందన్న వాదన నాకు సమ్మతం కాదు. మా వెలిగండ్ల ప్రాంతపు మెట్ట రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే చేలో నాలుగు బోర్లు వేసినా అడుగున ఉన్న జల ఒక్కటే. పక్క మోటారు ఆడుతున్నంతసేపూ మన గొట్టంలో ధార సన్నగిల్లుతుంది. మల్టీకోర్ ప్రాసెసర్‌దీ అదే తీరు. కోర్లు వేరైనా మెమరీ, దానికి పోయే దారి చాలావరకు ఉమ్మడి. ఒక కోర్ ఆ దారిని ఆక్రమిస్తే పక్క కోర్‌లోని పని తన దోషమేమీ లేకుండానే ఆలస్యమవుతుంది.

ఆలస్యమైతే ఏమి? గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. బ్రేకు ఆజ్ఞ 100 మిల్లీసెకన్లు జాగైతే బండి 2 మీటర్లు అదనంగా సాగుతుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కినవారికి ఆ రెండు మీటర్ల విలువ తెలుసు. కనుక అడగవలసినది సగటు వేగం గురించి కాదు. ఎంత గడ్డు క్షణంలోనైనా పని గడువులోగా ముగుస్తుందా అని.

ప్రాసెసర్ల సంఖ్య పెంచితే ఒక్కొక్కప్పుడు మొత్తం పని ఇంకా ఆలస్యమవుతుందని 1966లోనే రొనాల్డ్ గ్రాహం నిరూపించాడు. 1978లో సుదర్శన్ ధల్, సి.ఎల్. లియు మరొక చిక్కు చూపారు. రెండు కోర్లున్నాయనుకుందాం. ప్రతి 10 మిల్లీసెకన్లకూ 1 మిల్లీసెకను తీసుకునే చిన్న పనులు రెండు, 10.5 మిల్లీసెకన్లలోగా 10 మిల్లీసెకన్లు నడవవలసిన పెద్ద పని ఒకటి. గడువు దగ్గరివారికే ముందు వంతు అంటే, చిన్నవి రెండూ చెరొక కోర్ ఎక్కుతాయి. పెద్దది 1వ మిల్లీసెకనున మొదలై 11కు ముగుస్తుంది, గడువు తప్పింది! చిన్నవి రెంటినీ ఒక కోర్‌కూ, పెద్దదానిని రెండవదానికీ కట్టేస్తే ఏ గడువూ తప్పదు. మొదటి కోర్ ఎక్కువ భాగం ఖాళీగా ఉంటుంది, నిజమే. ఆ ఖాళీ దుబారా కాదు, హామీకి చెల్లించే వెల.

పలు కంప్యూటర్ల పనిని ఒక చిప్పులోకి చేర్చితే తీగల బరువు, ఖర్చు తగ్గుతాయన్న తయారీదారుల మాటను నేను కాదనను. అయితే ఒక పని మరొకదాని సమయాన్ని హరించరాదని 2011లో వచ్చిన ఐఎస్ఓ 26262 ప్రమాణం కూడా కోరుతున్నది. అందుకే బ్రేకు వంటి పనులకు కోర్‌ను ముందే కేటాయించాలనీ, ఉమ్మడి మెమరీకి వంతులు కట్టాలనీ నా అభిప్రాయం.

2019 నుంచి పెనుకొండ చెంత కియా కార్లు తయారవుతున్నాయి. కార్లలోని సాఫ్ట్‌వేర్ హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ మన పిల్లలు రాస్తున్నారు. అయినా ఇంజనీరింగు పరీక్షలలో షెడ్యూలింగు అంటే నేటికీ సగటు నిరీక్షణ కాలం లెక్కగట్టడమే ప్రధానం. సగటు మీద బతికే రైతు లేడు. ఎండాకాలంలో బోరు ఎంత పోస్తుందో చూసి పైరు పెడతాడు. ఆ వివేకమే మన తరగతి గదులలోకి రావాలి.