మూలికలైనంత మాత్రాన హాని లేదా?



మానసికపు ఒత్తిడికి జపాను మూలికా వైద్యమగు కంపో మందులు మంచివనియు, మూలికలు గనుక హాని చేయవనియు కొందరు చెప్పుచున్నారు. మొదటి మాట ఎట్లున్నను, రెండవది నిజము కాదు.

యోకుకన్‌సాన్ అను ఏడు మూలికల మందును పూర్వము పసిపిల్లల రాత్రి యేడ్పునకు వాడిరి. నేడు మతిమరపు జబ్బుగల వృద్ధుల చిరాకునకును ఇచ్చుచున్నారు. అందులో అతిమధురము గలదు. ఒత్తిడి వేళ మన శరీరము కార్టిసాల్ అను హార్మోనును విడుచును. మూత్రపిండములలో దాని శక్తిని అణచు ఎంజైమును అతిమధురము అడ్డగించును. ఎక్కువ మోతాదున చాలదినములు తినినచో ఉప్పు, నీరు ఒంట నిలిచి రక్తపుపోటు హెచ్చవచ్చును. పొటాషియము తగ్గి కండరములు నీరసింపవచ్చును.

జపానులో 1976లో పెక్కు కంపో మందులు ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరినవి. అక్కడ వైద్యులు వ్రాసి యిత్తురు; మందు పత్రములో ఈ హెచ్చరికయు ఉండును. మన బజారులోనో, అతిమధురము అడిగినవారికెల్ల పొట్లము కట్టి యిత్తురు. రక్తపుపోటునకు మాత్రలు మ్రింగు నావంటి ముసలివారు ఊరిలో చాలమంది గలరు. పొట్లముపై మోతాదును, హెచ్చరికను ఒడియాతోపాటు తెలుగులోను ముద్రించునట్లు అధికారులు చూడవలెను. కొనువారును ముందుగా తమ డాక్టరుతో చెప్పుట మేలు.

— ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం (గంజాం జిల్లా)